ఇచ్చినవాడి సంతకం

సిరియా యుద్ధంలో కనబడిన విదేశీ రాకెట్ లాంచర్లు ఎక్కడివి, ఎవరెవరి చేతులు మారి అక్కడికి చేరాయి అని ఆరా తీయడం వల్ల మేలా, కీడా? ఈ ప్రశ్న మీద ఇద్దరు వాదించుకున్నారు. ఒకరు సుబేదారుగా రిటైరై, పశ్చిమ గోదావరి జిల్లా మాధవరంలో స్థిరపడిన పెద్దాయన. ఇంటికో సైనికుడు అన్నట్టు ఉండే ఆ ఊరిని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ఆయన సిరియా సరిహద్దులోని గోలాన్ కొండల మీద ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో పనిచేసిన మనిషి. రెండోవారు ఆయన మేనకోడలు. హైదరాబాద్‌లో విలేకరి. ఆయుధాల వ్యాపారం గురించి రాస్తుంది.

మేనకోడలు: మామయ్యా, 2013 జనవరిలో దక్షిణ సిరియాలో, దెరా వైపు తిరుగుబాటుదారులు పెట్టిన వీడియోల్లో ఒక కొత్త ఆయుధం కనబడింది. భుజం మీద పెట్టుకుని పేల్చే 90 మిల్లీమీటర్ల లాంచర్, ఎం79 ఒసా. యుగోస్లేవియా కాలం నాటి రకం. అప్పటి సిరియా అధ్యక్షుడు అసద్ సైన్యం దగ్గర సోవియట్ ఆర్పీజీలు కావలసినన్ని ఉండేవి గానీ ఈ ఒసా ఉండేది కాదు. అంటే సైన్యం నుంచి గుంజుకున్నది కాదు, బయట నుంచి ఎవరో పంపినది. దాంతోపాటు క్రొయేషియాలో చేసే ఆర్బీజీ-6 గ్రెనేడ్ లాంచర్లూ కనబడ్డాయి. ఇంగ్లండులో లెస్టర్ అనే ఊళ్ళో, ఇంట్లో కూర్చుని యూట్యూబ్ చానళ్ళు గాలించే ఎలియట్ హిగిన్స్ దీన్ని పట్టుకున్నాడు. ఆయనకి అరబ్బీ కూడా రాదు. ఫిబ్రవరి నెలాఖరుకి న్యూయార్క్ టైమ్స్ మిగతా కథ బయటపెట్టింది. సౌదీ అరేబియా డబ్బిచ్చి క్రొయేషియాలో కొంది, అవి జోర్డాన్ మీదుగా సిరియాలోకి వెళ్ళాయి అని. ప్రభుత్వాలు దాచిన పనిని మామూలు మనుషులు కళ్ళతో చూసి తేల్చారు. ఇది మేలు కాదంటారా?

మామయ్య: ఆ వార్త తర్వాత ఏమైందో నేను చెప్తాను. ఆ ఏడాది నేను గోలాన్‌లోనే ఉన్నా. క్రొయేషియా వాళ్ళు సుమారు వంద మంది మాలాగే నీలం టోపీలు పెట్టుకుని అక్కడ పనిచేస్తున్నారు. శాంతి దళం అంటే తెలుసు కదా, తేలికపాటి ఆయుధాలు, తెల్లరంగు బళ్ళు. ఎవరికీ చెందనివాళ్ళం అన్న నమ్మకమే మాకు కవచం. క్రొయేషియా రాకెట్లు ఒక పక్షానికి వెళ్ళాయని పత్రికలో పడగానే ఆ కవచం ఊడిపోయింది. ఆ అమ్మకం జరగలేదని వాళ్ళ ప్రభుత్వం చెబుతూనే ఉంది. కానీ ఎంత కాదన్నా వినేవాడు లేడు, మన కుర్రాళ్ళకి ప్రమాదం అని వాళ్ళ అప్పటి ప్రధాని మిలనోవిచ్ వెనక్కి పిలిపించేశాడు. వారం తిరిగేసరికి అక్కడే 21 మంది ఫిలిప్పీన్స్ సైనికుల్ని తిరుగుబాటుదారులు పట్టుకుపోయారు. నువ్వు మేలు అంటున్నావు. కావలి కాసేవాళ్ళని తగ్గించిన మేలు అది.

మేనకోడలు: ఫిలిప్పీన్స్ ఎవరికీ రాకెట్లు పంపలేదు, దాని గురించి ఏ పత్రికా రాయలేదు. అయినా వాళ్ళు బందీలయ్యారు. అంటే ప్రమాదం వార్తలోంచి రాలేదు, యుద్ధంలోంచి వచ్చింది. ఇక క్రొయేషియా సంగతి. ఒక చేత్తో గోలాన్‌కి శాంతి సైనికుల్నీ, ఇంకో చేత్తో పక్క లోయలోకి రాకెట్లనీ పంపిన రోజే ఆ వంద మంది ప్రాణాలూ పణంగా పెట్టినట్టు. ఆ పని చేసింది పంపినవాళ్ళు. రాసినవాళ్ళు కాదు.

మామయ్య: పంపకూడదని నేను అనను. అసలు తేడా మన ఇద్దరికీ అక్కడే. క్రొయేషియా వాళ్ళు ఎందుకు అమ్మి ఉంటారో వాళ్ళ చరిత్ర చూసి మాట్లాడు. 1991 సెప్టెంబరులో భద్రతా మండలి 713వ తీర్మానంతో యుగోస్లేవియా అంతటికీ ఆయుధ నిషేధం పెట్టింది. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. కానీ అప్పటికే యుగోస్లావ్ సైన్యం గోదాములు సెర్బుల చేతిలో ఉన్నాయి. నిషేధం కరుకుగా తగిలింది ఎవరికి? ఏమీ లేని క్రొయేషియాకి, బోస్నియాకి. నిషేధం ఎత్తెయ్యండి, మమ్మల్ని మేం కాచుకుంటాం అని బోస్నియా మొత్తుకుంది. ఎవరూ ఎత్తలేదు. సిరియాలోనూ అదే లెక్క. ఒకడి దగ్గర ట్యాంకులు, విమానాలు. ఇంకొకడి దగ్గర తుపాకులు. వీధి చివరికి ట్యాంకు వచ్చినప్పుడు దాన్ని ఆపగలిగేది భుజం మీద లాంచర్ ఒక్కటే. చాటుగా ఇచ్చేవాణ్ణి నువ్వు బట్టబయలు చేస్తే వాడు ఇవ్వడం మానేస్తాడు. ట్యాంకు ఉన్నవాడికి మాత్రం రష్యా నుంచి బాహాటంగానే వచ్చేది. నీ ఆరా చివరికి బలవంతుడికే మేలు చేస్తుంది.

మేనకోడలు: ఇది గట్టి మాట మామయ్యా, దీన్ని తేలిగ్గా తీసెయ్యను. కానీ వార్త వచ్చాక సరఫరా ఆగిందా? ఆగలేదు. మరుసటి నెలలో అదే పత్రిక మళ్ళీ లెక్క తీసింది. జోర్డాన్, సౌదీ, ఖతార్ సైనిక విమానాలు అప్పటికి 160కి పైగా ట్రిప్పులు తిరిగాయి. సిప్రి సంస్థలో అప్పట్లో ఆయుధ రవాణా మీద పనిచేసిన హ్యూ గ్రిఫిత్స్ సరుకు 3,500 టన్నులు ఉంటుందని అంచనా వేశాడు. కాబట్టి బయటపడితే ఆగిపోతుంది అన్న మీ భయం నిజం కాలేదు. నా భయం మాత్రం నిజమైంది. ఇచ్చినవి ఇచ్చినవాళ్ళ దగ్గర ఉండలేదు. ఏడాదిన్నర తిరిగేసరికి, 2014లో, వైపీజీ అనే కుర్దు దళాలు ఇస్లామిక్ స్టేట్ మూకల నుంచి కొన్ని ఆయుధాలు స్వాధీనం చేసుకున్నాయి. కాన్‌ఫ్లిక్ట్ ఆర్మమెంట్ రీసెర్చ్ అనే బ్రిటిష్ సంస్థ మనుషులు అక్కడికే వెళ్ళి వాటిని ఫొటోలు తీశారు. అందులో ఎం79 రాకెట్లు ఉన్నాయి. 2013లో సౌదీ అరేబియా ఫ్రీ సిరియన్ ఆర్మీ అనే తిరుగుబాటు దళానికి ఇచ్చిన రాకెట్లూ ఇవీ ఒకే రకం అని తేల్చారు. ట్యాంకుని ఆపడానికని ఇచ్చిన రాకెట్ చివరికి కుర్దుల ఊళ్ళ మీదకి వచ్చింది.

మామయ్య: ఒకే రకం అంటే అదే రాకెట్ అని కాదు కదా. ఒకే ఫ్యాక్టరీలో వేలు తయారవుతాయి. పైగా యుద్ధంలో ఆయుధం చేతులు మారడం వింత ఏం కాదు. ఓడినవాడిది గెలిచినవాడు తీసుకుంటాడు. 2014 జూన్‌లో మోసూల్ పడిపోయినప్పుడు ఇరాక్ సైన్యం వదిలేసిపోయిన బళ్ళు, తుపాకులు ఎన్ని? ఇస్లామిక్ స్టేట్ దగ్గర ఉన్న వాటిలో ఎక్కువ భాగం అలా దోచుకున్నవే. వీడియోలో గొట్టం ఆకారం చూసి ఫలానా దేశం ఫలానావాడికి ఇచ్చిందని తీర్పు చెప్పేయడం నాకు మింగుడు పడదు.

మేనకోడలు: మీ అనుమానం సబబే. ఫొటో ప్రశ్న లేపుతుంది, జవాబు చెప్పదు. జవాబు కోసం వస్తువు దగ్గరికే వెళ్ళాలి. ఒసా లాంచర్‌నే తీసుకోండి. ముందు భాగం గాజు నారతో చేసిన గొట్టం, దానికో దుర్భిణి. రాకెట్ విడిగా ఇంకో గొట్టంలో మూసి వస్తుంది. దాన్ని తెచ్చి లాంచర్ వెనకకి బిగిస్తారు. పేల్చాక ఆ వెనక గొట్టాన్ని అక్కడే పారేస్తారు. పరిశోధకుడు వెతికేది ఆ పారేసిన గొట్టం కోసమే. దాని మీద రకం, లాట్ నంబరు, తయారైన ఏడాది లాంటి గుర్తులు ఉంటాయి. పెట్టె దొరికితే ఇంకా మంచిది. అందులో సరుకు చీటీ, కాంట్రాక్టు నంబరు దొరకొచ్చు. అవి పట్టుకుని తయారు చేసిన దేశానికి ఉత్తరం రాస్తారు. ఈ లాట్ మీరు ఎవరికి అమ్మారు, ఎప్పుడు అమ్మారు, కొన్నవాడు ఏమని రాసిచ్చాడు అని. ఆ దేశం జవాబిస్తే ఇంకో దేశానికి ఉత్తరం. ఇలా ఒక్కో మెట్టూ. దోచుకున్నదా, ఎవరో మళ్ళించిందా అని మీరు అడిగారే, ఆ తేడా తేలేది ఈ పనితోనే. ఇది చెయ్యకపోతే అన్నీ దోచుకున్నవే అని ఎవరైనా చేతులు దులుపుకోవచ్చు.

మామయ్య: ఆ పద్ధతి నాకు కొత్త కాదులే. యూనిట్‌లో ఆయుధాలు పెట్టే గదిని కోత్ అంటాం. పొద్దున్న ఆయుధం తీస్తే సంతకం, సాయంత్రం పెడితే సంతకం. రిజిస్టర్‌లో నంబరు, నీ చేతిలో ఉన్న నంబరు ఒకటి కావాలి. ఒక్క పిస్టల్ లెక్క తగ్గినా యూనిట్ మొత్తం కదలదు, సెలవులు రద్దు, గడ్డి దుబ్బులు కూడా వెతికిస్తారు. కానీ ఆ క్రమశిక్షణ ఒక సైన్యంలో సాధ్యం, ఎందుకంటే పైన ఒకడు శిక్షించేవాడు ఉంటాడు. దేశాల మీద శిక్షించేవాడు ఎవడు? నువ్వు ఉత్తరం రాస్తావు. నిజాయితీ ఉన్న దేశం జవాబిస్తుంది, ఇరుక్కుంటుంది. చైనా, రష్యా, ఇరాన్ ఉత్తరం చింపి పారేస్తే నువ్వేం చేస్తావు? నంబరు చెరిపేస్తే ఏం చేస్తావు? ఈ ఆరా తీసే పని నిజం చెప్పేవాడినే పట్టుకుంటుంది.

మేనకోడలు: నంబరు చెరపడం జరుగుతుంది. 2014లో ఆ బ్రిటిష్ సంస్థ వాళ్ళు చూసిన అమెరికన్ రైఫిళ్ళలో ఒకదాని మీద నంబరుని గ్యాస్ వెల్డింగ్ మంటతో కరిగించేశారు. కానీ అలా చెరిపారంటేనే ఆ నంబరు ఎవరినో పట్టిస్తుందని భయం ఉన్నట్టు. జవాబివ్వని దేశాలూ ఉన్నాయి. 2005లో ఐక్యరాజ్యసమితి జాడ తీసే ఒప్పందం ఒకటి చేసింది. ప్రతి చిన్న ఆయుధం మీదా గుర్తు వెయ్యాలి, అడిగితే జవాబివ్వాలి అని. భుజం మీద పేల్చే లాంచర్లూ అందులోకి వస్తాయి. కానీ దానికి చట్టపరంగా కట్టుబడి తీరాలన్న నియమం లేదు. లాంచర్‌కి వర్తిస్తుంది గానీ దానిలో పెట్టే రాకెట్‌కి, అంటే మందుగుండుకి, వర్తించదు. లోపాలు ఒప్పుకుంటాను. అయినా నిజాయితీ ఉన్నవాడే దొరుకుతాడు అన్నారు చూడండి, దానికి 2017 డిసెంబరులో అదే బ్రిటిష్ సంస్థ ఇచ్చిన నివేదికే సమాధానం. మూడేళ్ళు, 40,000కి పైగా వస్తువులు, ఒక్కోటీ చేత్తో పట్టుకుని చూసి రాసుకున్నారు. అందులో ఒకటి బల్గేరియాలో తయారైన ట్యాంకు విధ్వంసక క్షిపణి. భుజం మీద పేల్చేది కాదు, ముక్కాలి మీద నిలబెట్టి పేల్చేది. బల్గేరియా రికార్డు తీసి చూపించింది. 2015 డిసెంబరులో అమెరికా సైన్యానికి అమ్మింది. అది సిరియాలో ఎవరికో వెళ్ళింది. అక్కణ్ణుంచి ఇస్లామిక్ స్టేట్‌కి. ఇరాక్‌లో రమాదీ దగ్గర ఇరాకీ బలగాలకి దొరికింది. ఫ్యాక్టరీ గేటు దాటాక ఇదంతా జరగడానికి రెండు నెలలు కూడా పట్టలేదు. ఇక్కడ జవాబిచ్చింది బల్గేరియా, దొరికింది బల్గేరియా కాదు. కొని, ఇంకొకరికి ఇవ్వం అని సంతకం పెట్టి, ఇచ్చినవాళ్ళు దొరికారు.

మామయ్య: రెండు నెలలా?

మేనకోడలు: రెండు నెలల లోపే. అది కోటని పట్టుకున్నప్పుడు దొరికిన పాత సరుకు కాదు. అలాంటిది అదొక్కటే కాదు. అమెరికా, సౌదీ తూర్పు యూరప్ దేశాల్లో కొన్న ఆయుధాలు, అమ్మినవాళ్ళకి చెప్పకుండా సిరియాకి మళ్ళించినవి, ఇస్లామిక్ స్టేట్ చేతిలో కనబడ్డాయని ఆ నివేదిక తేల్చింది. మీరు చెప్పిందీ అందులో ఉంది. ఎక్కువ భాగం దోచుకున్నవే. కానీ బయట నుంచి వచ్చిన సరుకు వాళ్ళ బలాన్ని పెంచింది, నాణ్యమైన ఆయుధాలు ఇచ్చింది. ఆరా తియ్యకపోతే ఈ రెండు భాగాలూ విడదీసి చెప్పగలిగేవాళ్ళమా?

మామయ్య: లేదులే. ఒప్పుకుంటాను. రెండు నెలలంటే ఇచ్చినవాడు ఎవరికి ఇచ్చాడో చూసుకోనట్టే. సైనికుడిగా నాకది సిగ్గు. కానీ ఒక్క మాట. నువ్వు చెప్పే ఈ ధర్మం అమెరికాకీ, సౌదీకీ చెప్పినంత సులువుగా మనకి చెప్పగలవా? దేశం పక్కింట్లో ఏం జరుగుతోందో చూసుకోవాలి, ఒకోసారి పొరుగు సైన్యానికి చెయ్యి అందించాలి. ప్రతిదీ పేపర్లో పెట్టి చెయ్యలేదు.

మేనకోడలు: మన సంగతే చెప్తాను. 2012 డిసెంబరులో స్వీడన్ పత్రికల్లో ఒక ఫొటో వచ్చింది. మయన్మార్‌లో కచిన్ తిరుగుబాటుదారులతో పోరాడుతూ ఆ దేశ సైన్యం వదిలేసిన లాంచర్ అది. 84 మిల్లీమీటర్ల కార్ల్ గుస్తాఫ్. స్వీడన్ తయారీ. మయన్మార్‌కి ఆయుధాలు అమ్మకూడదని యూరప్ నిషేధం అప్పటికి అమల్లో ఉంది. ఫొటోలో నంబరు కనబడుతోంది. స్వీడన్ ఎగుమతి తనిఖీ సంస్థ తన పద్దు తీసి చూసుకుంది. అది భారత్‌కి అమ్మినది. మీరు యూనిట్‌లో ఆర్.ఎల్. అని పిలిచే ఆయుధమే.

మామయ్య: (కాసేపు ఆగి) ఆ ఆయుధం నాకు బాగా తెలుసు. ఇద్దరు మనుషులు పట్టాలి. ఒకడు భుజాన పెట్టుకుంటాడు, రెండోవాడు వెనక నుంచి గుండు వేస్తాడు. పేల్చే ముందు ఇద్దరూ వెనక్కి తిరిగి చూడాలి. గొట్టం వెనక నుంచి మంట తన్నుకొస్తుంది, ఆ దారిలో మనవాడు ఉంటే చచ్చిపోతాడు. మొదటి రోజు నేర్పే పాఠం అదే. ముందు ఎవడున్నాడో అందరూ చూస్తారు, వెనక ఎవడున్నాడో చూసినవాడే సైనికుడు. మా ఆయుధం మయన్మార్‌లో దొరికిందంటే, ఈ పాఠం ఢిల్లీలో ఎవరో మర్చిపోయారు.

మేనకోడలు: మీరు అడిగిన ధర్మం ఇదే మామయ్యా. మయన్మార్ సైన్యంతో మనకి సరిహద్దు అవసరాలు ఉండొచ్చు. ఈశాన్యంలో మిలిటెంట్ల మీద వాళ్ళ సాయం కావాల్సి రావచ్చు. అయితే స్వీడన్‌తో పెట్టిన సంతకం మార్చుకుని ఇవ్వాలి, లేదా మన సొంత ఆయుధం మన పేరు మీద ఇవ్వాలి. ఇంకొకరికి ఇవ్వం అని రాసిచ్చి ఇవ్వడం మాట తప్పడం. ఇప్పుడు ఈ విషయం మనకి ఇంకా దగ్గరైంది. అదే కార్ల్ గుస్తాఫ్ కొత్త రకం కోసం సాబ్ కంపెనీ హర్యానాలో ఝజ్జర్ దగ్గర ఫ్యాక్టరీ కట్టడం మొదలుపెట్టింది. మన హైదరాబాద్‌లో బీడీఎల్ అనే ప్రభుత్వ సంస్థ ఎన్నో ఏళ్ళుగా మిలాన్, కొంకూర్స్ క్షిపణులు చేస్తోంది. 2013-14లో 686 కోట్లున్న మన రక్షణ ఎగుమతులు 2023-24కి 21,083 కోట్లయ్యాయి. ఇన్నాళ్ళూ మనం కొనేవాళ్ళం, సంతకం పెట్టేవాళ్ళం. ఇక అమ్మేవాళ్ళం, సంతకం పెట్టించుకునేవాళ్ళం. రేపు మన లాట్ నంబరున్న గొట్టం ఏ యుద్ధంలోనో దొరికితే మన ప్రభుత్వం ఏమంటుంది?

మామయ్య: అలాంటిది ఇప్పటికే జరిగింది కదా, డిటొనేటర్ల విషయంలో?

మేనకోడలు: జరిగింది. 2016లో ఆ బ్రిటిష్ సంస్థే ఇస్లామిక్ స్టేట్ బాంబుల్లోని భాగాల జాడ తీసింది. 20 దేశాలకి చెందిన 51 సంస్థలు తేలాయి. డిటొనేటర్లు, పేలుడు తీగల్లో ఎక్కువ భాగం మన దేశంలోని ఏడు కంపెనీలవి. అన్నీ ప్రభుత్వ లైసెన్సుతో లెబనాన్‌కి, టర్కీకి చట్టబద్ధంగా వెళ్ళినవే. క్వారీ పనికని వెళ్ళే రకం సరుకు. ఆ తర్వాత ఎక్కడికి పోయిందో చూసేవాడు లేడు. చట్టం దాటకుండానే సరుకు మాత్రం దాటిపోయింది.

మామయ్య: అందుకే అడుగుతున్నా, మనం ఆయుధ వ్యాపార ఒప్పందం మీద ఎందుకు సంతకం పెట్టలేదు?

మేనకోడలు: దాని మీద 2013 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితిలో ఓటింగ్ జరిగింది. 154 దేశాలు అనుకూలం, మూడు వ్యతిరేకం, 23 తటస్థం. మనం తటస్థం. అమ్మే దేశాలకి అధికారాలు, కొనే దేశాలకి కట్టుబాట్లు, ఇది సమతూకంగా లేదని మన వాదన. ప్రభుత్వాలు కానివాళ్ళ చేతికి ఆయుధాలు పోకుండా ఆపే గట్టి మాట అందులో లేదని కూడా అన్నాం. ఆ రెండో వాదన నాకు నచ్చింది. కానీ మయన్మార్ ఫొటో వచ్చి నాలుగు నెలలే అయింది అప్పటికి.

మామయ్య: సరే. నేను ఎక్కడ నిలబడ్డానో చెప్తాను, రాసుకో. కాపాడుకోవాల్సిన జనానికి ఆయుధం ఇవ్వకూడదంటే ఒప్పుకోను. బోస్నియా జ్ఞాపకం ఉన్నవాడెవడూ ఒప్పుకోడు. వీడియో దొరకగానే, మనుషులు బయట ఉండగానే దేశం పేరు పెట్టి రాయడం ఇప్పటికీ తప్పే అంటాను. ముందు ఆ ప్రభుత్వానికి చెప్పాలి, వాళ్ళ మనుషుల్ని తప్పించుకునే గడువు ఇవ్వాలి.

మేనకోడలు: గడువు ఇవ్వొచ్చు. అలవాటుగా ఇవ్వాలి కూడా. కానీ గడువు అయిపోయాక రాయకుండా ఉండకూడదు. ఇచ్చేవాడు తన పేరు మీద ఇవ్వాలి, ఎవరికిచ్చాడో చూసుకోవాలి, అది దారి తప్పితే జవాబు చెప్పాలి. రహస్యంగా ఇచ్చినవాడికి ఆ రాకెట్ ఎవరి ఇంటి మీద పడినా నాకు సంబంధం లేదనే సౌకర్యం ఉంటుంది. ఆ సౌకర్యం తీసెయ్యడానికే ఈ పని.

మామయ్య: దానితో నాకు పేచీ లేదు. కాకపోతే ఆ పని లెస్టర్‌లోని కుర్రాడికో, బ్రిటిష్ సంస్థకో వదిలేయడం నాకు నచ్చదు. కోత్‌లో లెక్క తప్పితే బయటివాడు వచ్చి చెప్పేదాకా ఏ సైన్యమూ కూర్చోదు. మన ఫ్యాక్టరీల నుంచి బయటికి పోయే ప్రతి గొట్టం, ప్రతి రాకెట్ నంబరూ మన దగ్గర ఉండాలి. కొన్న దేశానికి మన మనిషి వెళ్ళి గోదాములో చూసి రావాలి, ఆ హక్కు అమ్మేటప్పుడే రాయించుకోవాలి. దారి తప్పిందని తెలిస్తే మనమే ముందు చెప్పాలి, అమ్మకం ఆపాలి. స్వీడన్ ఫొటో చూపించాక తలదించుకోవడం ఒక్కసారి చాలు.